కాఫీ టేబుల్, ఆఖరి నీళ్ళు

బనగానపల్లె వాస్తవ్యులు, పరుపులు కుట్టే లేటు దూదేకుల హుసేన్ వలి గారి కుమార్తెను, కర్నూలు ఆర్టీసీ డిపోలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరైనదానిని, ప్రస్తుతం కర్నూలులో రెండో అంతస్తు ఫ్లాటులో ఒంటరిగా కాపురముంటున్నదానిని, అరవై ఆరేళ్ళ దూదేకుల షాహీనా అను నేను, నా వెనక నా వాళ్ళు తన్నుకోకుండా ఉండటానికి రాయించుకున్న వీలునామా ఇది. తన్నుకునేటంత మంది నా వాళ్ళు లేరు. అయినా రాయించాను.

నా బుద్ధి నిలకడగానే ఉంది. నిలకడ లేనిది గుండెకే. అందులో ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని, కోసి బాగుచేయాలని డాక్టరు చెప్పాడు. ఈ వయసులో బయటపడేవాళ్ళే ఎక్కువని కూడా చెప్పాడు గానీ, ఆ మాట అంటున్నప్పుడు నా మొహం చూడలేదు. ఈ పత్రం రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టాలంటే ముందు ఎవరైనా ఇంటికి రావాలి కదా. ఈ చివరి వాక్యం అవసరం లేదని మా వకీలు మహానంది గారు అన్నారు. అవసరం ఉందో లేదో నాకు తెలుసు, ఉంచమన్నాను.

1. స్థిరాస్తి. మా ముస్లింల ధర్మశాస్త్రం ప్రకారం మనిషి తన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామాతో ఇవ్వకూడదు. మిగిలినది వారసుడికి దానంతట అదే పోతుంది. నాకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు, అమ్మానాన్నా పోయారు. కాబట్టి వారసుడు నా తమ్ముడు నిస్సార్ ఒక్కడే. నాన్న పరుపుల అంగడి బనగానపల్లెలో వాడే నడుపుతున్నాడు. ఈ ఫ్లాటు వాడికి చెందుతుంది. అది నేను ఇచ్చేదీ కాదు, ఆపగలిగేదీ కాదు. వాడు ఈ ఇంటి గడప తొక్కి ఆరేళ్ళయింది కనుక ఏ తలుపో గుర్తుండకపోవచ్చు. మెట్లెక్కగానే ఎడమ చేతి పక్కది. బెల్లు పనిచేయదు, తట్టాలి.

2. అమలు చేయువాడు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నిస్సార్ కొడుకు నవీద్‌కు అప్పగిస్తున్నాను. ఓర్వకల్లు విమానాశ్రయంలో సామాను దించే సెక్షన్‌లో పని. ఎదిగినవాడు, లెక్క తప్పనివాడు. పండక్కి పండక్కి ఫోను చేసి "అత్తా, బాగుండావా" అంటాడు. బాగున్నానంటాను. అంతలో వెనక నుంచి ఎవరో పిలుస్తారు, పెట్టేస్తాడు. ఓర్వకల్లు ఇక్కడికి ఎంత దగ్గరో బస్సులు తిప్పిన డిపోలో పనిచేసినదానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నా స్కూటరు, డిపో వాళ్ళు రిటైర్మెంటు నాడు ఇచ్చిన గోడ గడియారం వాడికి దఖలు పడవలెను. గడియారం కొంచెం ముందు నడుస్తుంది, సరిచేయవద్దు. రిటైరయ్యాక కూడా నేను దాన్ని చూసే ఎక్కడికైనా వేళకు పోతున్నాను.

3. గిడ్డమ్మకు. మా అపార్టుమెంటులో మెట్లూడ్చే గిడ్డమ్మకు నా ఫ్రిజ్జు, మిక్సీ, వంటింట్లోని స్టీలు సామాను మొత్తం ఇవ్వవలెను. దీనికి ఎవరూ అడ్డు చెప్పరాదు. రోజూ నా తలుపు తట్టే మనిషి ఆమె ఒక్కతే. "అమ్మా, చెత్త ఉండాదా" అని తడుతుంది. ఒంటిమనిషి ఇంట్లో రోజూ చెత్త ఎక్కడినుంచి వస్తుంది? లేనినాడు పాత పేపరు చింపి బుట్టలో వేసి ఉంచుతాను. ఈ సంగతి ఆమెకు తెలిస్తే నవ్వుతుంది, తెలియనివ్వండి.

4. విల్లు. నాన్న దూది ఏకిన విల్లు నా బెడ్రూములో బీరువా వెనక ఉంది. నిస్సార్ దూది ఏకే మిషన్ కొన్న రోజున దాన్ని పెరట్లో పారేస్తే నేను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టాలన్నాడు, వాణ్ణి తర్వాత డిపోలో చూసుకున్నాను. ఎలాగూ నిస్సార్‌కే పోతుంది కాబట్టి వాడికి ఒకటే మాట. ఈసారి పెరట్లో పారేయవద్దు. వాడి ఇంటివాళ్ళందరికీ ఇంకొక మాట కూడా ఉంది. ఎండాకాలంలో మీరు పంపే మామిడిపండ్ల బుట్ట ఆగిపోయిన సంగతి నేను గమనించలేదనుకుంటున్నారేమో. బనగానపల్లెలో పుట్టినదాన్ని, బండి మీద బేరమాడి బంగినపల్లి పండ్లు కొనుక్కుంటున్నాను. వాటిలో సగం బంగినపల్లివి కావు.

5. కాఫీ టేబుల్. హాల్లో సోఫా ముందున్న ఈ వస్తువు గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు. జరిగిన రభస అంతా దీని వల్లనే అని మా వాళ్ళు చెప్పుకుంటున్నారు కనుక.

ఇది టీపాయ్ కాదు. నా తమ్ముడి భార్య ముబీనా దీన్ని టీపాయ్ అంటుంది, కావాలనే అంటుందని నా అనుమానం. ఇది హైదరాబాదు షోరూములో డిజైనర్ గీసి చేయించిన కాఫీ టేబుల్. వాల్‌నట్ చెక్క. గుండ్రంగానూ ఉండదు, కోలగానూ ఉండదు, ఏటి రాయిలాగా ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. మూడు ఇత్తడి కాళ్ళు. మోకాటికంటే తక్కువ ఎత్తు. మా ఇంట్లో ఎవరూ కాఫీ తాగరు, టీనే. ఆ సంగతి కొనేటప్పుడు నాకు తెలుసు.

ఎందుకు కొన్నానో రాస్తాను. సర్వీసులో ఉండగా ఒక పెద్ద ఆఫీసరు ఇంటికి ఫైలు మీద సంతకానికి పోయాను. వాళ్ళ హాల్లో ఇలాంటి టేబులు, దాని మీద పూలు, రెండు కప్పులు. చుట్టూ కూర్చుని నవ్వుకుంటున్నారు. నన్ను కూర్చోమనలేదు. సంతకం అయ్యేదాకా దాని పక్కనే నిలబడ్డాను. నాకు ఒక ఇల్లంటూ ఉంటే, నడుమ అలాంటిది ఒకటి వేసి, చుట్టూ నా వాళ్ళను కూర్చోబెట్టి నవ్వించాలని ఆనాడే అనుకున్నాను. రిటైరయ్యాక అదే చేశాను.

కొత్త ఇంట్లో చేరుతూ ఫాతెహా ప్రార్థన చదివించిన రోజు బనగానపల్లె నుంచి అందరూ వచ్చారు. నిస్సార్, ముబీనా, నవీద్, మా మేనత్త జానమ్మ. జానమ్మత్త నాన్నకు అక్క. అమ్మ పోయాక మమ్మల్ని చూసుకున్నది ఆమే. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. లోపలికి వచ్చి, సోఫా వైపు ఒకసారి చూసి, నేరుగా పోయి నా కాఫీ టేబుల్ మీద కూర్చుంది.

మా ఇళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. నాన్న అంగట్లో పరుపులు కుట్టడానికి ఒక పొట్టి వెడల్పాటి చెక్కబల్ల ఉండేది. పగలంతా దాని మీద పరుపు, సాయంత్రమైతే దాని మీద మనుషులు. వచ్చిన చుట్టమెవరైనా దాని మీదే కూర్చోవాలి. అత్త పుట్టిపెరిగిందే ఆ బల్ల మీద. ఈ టేబులు ఎత్తు కూడా సరిగ్గా అంతే. డిజైనర్‌కు ఆ సంగతి తెలియదు, అత్తకు డిజైనర్ సంగతి తెలియదు. చేత్తో చెక్కను నిమిరి, "శానా బాగుండాది షాహీనా. మెత్తగా లేదు, మోకాళ్ళకు సుకంగా ఉండాది" అంది.

"లెయ్యత్తా, అది కూచ్చునేది కాదు" అన్నాను.

అన్నాను, నిజమే. ఇత్తడి కాళ్ళు సన్నవి, మనిషి బరువుకు చేసినవి కావు. పడితే తుంటి విరిగేది. అత్త లేచింది. ముబీనా ఊరుకోకుండా "కూచ్చునేదానికి గాకపోతే ఇంత పొట్టిగా యాటికి చేసినారు వదినా" అని నలుగురిలో అడిగింది. చేతిలో గుడ్డ ఉంది, టేబులు తుడిచాను. తుడవడం నేరమని ఏ చట్టంలో ఉందో మహానంది గారు చూసి చెప్పాలి. అత్త నా చేతి వైపు చూసింది. బురఖా తీసుకుని మెట్లు దిగిపోయింది. వండిన బిర్యానీ గుండిగలో అలాగే ఉంది. వెనకాలే అందరూ పోయారు. ఆనాటి నుంచి ఆ టేబులు చుట్టూ ఎవరూ కూర్చోలేదు. నేను సోఫాలో ఒక మూల కూర్చుని టీవీ చూస్తాను, టేబులు మీద రిమోటు, మాత్రల డబ్బా ఉంటాయి.

6. ఆఖరి స్నానం. మహానంది గారు హిందువులు కనుక, కోర్టులో చదివేవారు ఎవరైనా కావచ్చు కనుక, వివరిస్తున్నాను. మాలో పోయిన ఆడమనిషికి ఆఖరి స్నానం ఆడవాళ్ళే చేయించాలి. గుసుల్ అంటాం. కూతురో, అక్కచెల్లెళ్ళో, కోడలో, రక్తం పంచుకున్నవాళ్ళో ఇంటివాళ్ళో పోస్తే ఆ నీళ్ళకు ఒక అర్థం. అమ్మ పోయిన రోజు జానమ్మత్త నా చేతికి చెంబు ఇచ్చి, కుడి భుజం ముందు, ఎడమ తర్వాత అని నేర్పించింది. అమ్మ జుట్టు నా చేత్తోనే విప్పించింది. అంతా అయ్యాక "నాకు నువ్వే పొయ్యాల, యాదిపెట్టుకో" అంది. ఇంకెవరితోనూ అనలేదు. నాతోనే అంది.

అత్త పోయినప్పుడు నాకు కబురు రాలేదు. బనగానపల్లె సర్వీసు కండక్టరు ఒకాయన అక్కడ మా వీధివాడు, మార్కెట్లో కనబడి, "మట్టికి రాలేదేమమ్మా" అని అడిగితే తెలిసింది. కూరగాయల సంచీ అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేశాను. నీళ్ళు ముబీనా పోసిందని తర్వాత తెలిసింది. ఆ చెంబు నాది. అత్త ఆ మాట అన్నది నాతో. ముబీనా దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. ఇన్నేళ్ళుగా ఆమెను మనసులో తిట్టుకోకుండా నేను అన్నం తినలేదు, ఇది కూడా పత్రంలో ఉండనీ.

ఇప్పుడు నా వంతు వచ్చింది. నాకెవరు పోస్తారు? దిక్కులేని ఆడవాళ్ళకు స్నానం చేయించే కమిటీ ఒకటి ఊళ్ళో ఉందంటే ఫోను చేశాను. ఫోనెత్తిన ఆమె ఎవరో మంచి మనిషి, మెల్లగా మాట్లాడింది. "మీకు బంధువులెవరూ లేరా అమ్మా" అంది. ఫోను పెట్టేశాను. ఆ రోజంతా ఇంట్లో దీపం వేయలేదు. చావంటే నాకు భయం లేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు నా జుట్టు విప్పుతారంటే భయం.

కనుక రాయునది ఏమనగా: ముబీనా నా తమ్ముడి భార్య, వారసురాలు కాదు, కాబట్టి ఆమెకు నేను ఇవ్వవచ్చు. నేను పోయిన రోజున ముబీనా వచ్చి తన చేతులతో నాకు గుసుల్ చేయించిన యెడల, పై 5వ అంశంలో చెప్పిన కాఫీ టేబుల్ ఆమెకు దఖలు పడవలెను. చేయించని యెడల టేబులు ఎవరికీ ఇవ్వక అమ్మివేయవలెను.

సంతకానికి ముందు చేర్చినది. పై ఆరు అంశాలు టైపు చేయించాక, అమలు చేసేవాడు ముందే చదివి ఉండాలని మహానంది గారు ఒక నకలు నవీద్‌కు పంపారు. వాడు దాన్ని తల్లికి చదివి వినిపించాడు. చెప్పాపెట్టకుండా ముబీనా బస్సెక్కి వచ్చింది. తలుపు తట్టింది. గిడ్డమ్మ అనుకుని చెత్త బుట్ట చేత్తో పట్టుకుని తలుపు తీశాను.

టీ ఇస్తే తాగలేదు. నిలబడే అడిగింది. "నీళ్ళు పోసినందుకు బల్ల ఇస్తావా నాకు? మన్లో ఎవరన్నా కూలికి పోసినారా వదినా యాడన్నా?"

నేను ఇచ్చేది కూలి అని నాకు తోచనే లేదు. పని చెప్పి, దాని పక్కన వస్తువు రాస్తే అది కూలి కాక ఇంకేమవుతుంది? ముప్పై ఏళ్ళు డిపోలో ఓవర్‌టైము బిల్లులు రాసిన చెయ్యి, అలవాటుగా అలాగే రాసేసింది. మాలో గుసుల్ చేయించినవాళ్ళు ఆ ఇంట్లో ఏదీ తీసుకోరు. చీర ముక్క కూడా తీసుకోరు. అది తెలిసి కూడా రాశాను. ముబీనాకు కోపం వచ్చిందంటే రావలసిందే.

నాకూ కోపం వచ్చింది. జానమ్మత్తకు నువ్వెలా పోశావు, ఆ చెంబు నాది కాదా, ఒక్క ఫోను చేయడానికి నీకేం రోగం అని గట్టిగానే అడిగాను. ముబీనా అప్పుడు చెప్పింది. "నీకు చెప్పొద్దన్నెది నేను గాదు వదినా, మీ తమ్ముడూ గాదు. జానమ్మత్తే. 'దాన్ని పిలవాకండి. నేను కూచ్చున్న చోటు గుడ్డతో తుడిచింది, ఆ చేత్తో నన్ను తాకద్దు' అనింది. ఇన్నేండ్లూ ఈ మాట నీకు యాటికి చెప్పేదని మేమే తిట్లు తింటాండాము."

నేను ఏడ్చాను. ఈ ముక్క పత్రంలో పనికిరాదని మహానంది గారు కొట్టేయబోతే వద్దన్నాను. అత్త మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు. ముబీనా మీద పెట్టుకున్న కోపం ఇక ఎక్కడా పెట్టడానికి లేదు. ఆ కోపం ఉన్నన్నాళ్ళూ ఇంట్లో నాతో పాటు ఒక మనిషి ఉన్నట్టే ఉండేది. తిట్టడానికైనా ఒకరు ఉండేవారు. ఇప్పుడు ఆ మనిషి కూడా లేకుండా పోయింది.

టేబులు గురించి నేను అన్నమాట మాత్రం తప్పని ఇప్పటికీ అనుకోను. కాళ్ళు సన్నవి.

కాబట్టి 6వ అంశంలోని షరతు రద్దు చేయడమైనది. కాఫీ టేబుల్ మహానంది గారి ఆఫీసు వరండాకు చేరవలెను. అక్కడ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఏమీ లేక పొద్దుటి నుంచి గోడకానుకుని నిలబడుతున్నారు. ముందుగా వడ్రంగి చేత కాళ్ళు మార్పించవలెను, ఇత్తడివి తీసేసి మద్ది చెక్కవి లావుగా వేయించాలి. ఆ పైన ఎవరు కూర్చుంటారో కూర్చోనీ, తుడవనక్కర్లేదు.

ఇక సాక్షుల సంగతి. ఆ మధ్యాహ్నమే ముబీనాను వెంటబెట్టుకుని మహానంది గారి ఆఫీసుకు పోయాను. వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళు సాక్షి సంతకం చేయడం బాగుండదని మహానంది గారు చెప్పారు. నాకు తెలిసినవాళ్ళందరికీ ఏదో ఒకటి రాసేశాను, సంతకానికి ఎవరూ మిగల్లేదు. ఒక సాక్షిగా తన గుమస్తాను ఇచ్చారు. రెండో మనిషి కోసం అపార్టుమెంటులో ఎవరినైనా అడగమన్నారు. పేర్లు తెలియని వాళ్ళను ఎలా అడగను? ముబీనా ఇదంతా వింటూ కూర్చుని, "సాక్షి చేసినోళ్ళకు ఏమీ రాదు గదా" అని వకీలు గారిని రెండుసార్లు అడిగింది. రాదమ్మా అన్నారు. "అయితే నేను చేస్తా. ఒక గిన్నె గూడా నా పేరుతో ఉండగూడదు" అంది. గుసుల్ ఎవరు చేయించాలన్న దాని గురించి ఆమె అయితే ఒక్క మాట కూడా అనలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

సాయంత్రం బస్సుకు లేచింది. ఈ రాత్రికి ఉండమన్నాను. అంగట్లో పెళ్ళి పరుపులు కుట్టేది ఉందంది. చెప్పులు వేసుకుంటూ ఆగి, ఈ మాట అంది. "పోయినాంక నీళ్ళు ఎవరు పొయ్యాలని ఇంత రాసినావు. ఆపరేషనై ఇంటికొచ్చినాంక చెయ్యి పైకెత్తలేవు, తల మీద నీళ్ళు పోసుకోలేవు. అప్పుడెవరు పోస్తారని ఒక్క ముక్కన్నా రాసినావా?"

రాయలేదు. బతికి వస్తే ఏం చేయాలన్న ఆలోచనే నాకు రాలేదు. అది ప్రాణంతో ఉన్నప్పటి సంగతి, వీలునామాలో చేరదని మహానంది గారు అన్నారు. అయినా చేర్చమంటున్నాను. ముబీనా వస్తానంది.

ఇందుకు, సాక్షి సంతకానికి ముబీనా మళ్ళీ వచ్చిన రోజున, నేను నా చేత్తో సంతకం చేసినది, 2025 జూన్ నెల 19వ తేదీ, కర్నూలు.

(సం.) దూదేకుల షాహీనా

సాక్షులు:

1. దావీదురాజు, వకీలు గారి గుమస్తా, కర్నూలు.

2. దూదేకుల ముబీనా, నిస్సార్ భార్య, బనగానపల్లె. ఈమెకు ఈ పత్రం వల్ల ఏమీ రాదు.